మేడం స్విచ్ వేయనివ్వని మధ్యాహ్నం

బుధవారం, ఆషాఢ బహుళ చవితి. తెల్లవారినప్పటి నుంచి ముసురు. ఉన్నవారు: నేను, నా భార్య వరలక్ష్మి, పై వాటాలో అద్దెకుంటున్న టీచరమ్మ, వీధి స్తంభం దగ్గర ఇద్దరు లైన్‌మన్లు. వాళ్ల పేర్లు అడగలేదు.

డైరీలో ముందు తేదీ, తర్వాత వాతావరణం, ఆ తర్వాత ఎవరెవరు ఉన్నారన్నది రాసుకోవడం నాకు ఉద్యోగంలో పట్టిన అలవాటు. రిటైరైనా పోలేదు. ఈ ఉదయం గాలికి కరెంటు పోయింది. కాసేపటికి వీధిలో ఇనుప గొలుసు తీగకు తగిలి గలగలమంది. పనికి ఎక్కే ముందు లైన్‌మన్లు తీగను నేలకు కలుపుతూ వేసే గొలుసు అది. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా అది మనిషిలోంచి కాక నేలలోకి పోవాలని వేస్తారు. ఆ చప్పుడు చెవిన పడగానే గుమ్మంలోకి వెళ్లి, వాళ్లు పని ముగించి దిగేదాకా అక్కడే నిలబడ్డాను. "రిటైరై ఇన్నేళ్లయినాది, ఇంకా ఏటి మీకా బెంగ? కాపీ చల్లారిపోతన్నాది," అంది వరలక్ష్మి. నేను కదల్లేదు. ఇద్దరు ఎక్కడం చూశాను, ఇద్దరూ దిగడం చూడాలి. ఈ జబ్బు నాకు అంటించినావిడ గ్రేస్ మణి గారు.

నరసన్నపేట హైవే నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటరుగా పనిచేసేవాణ్ని. చుట్టూ వరిచేలు, వెనక కొబ్బరితోట. అక్కడి నుంచి ఊళ్లకు కరెంటు మోసుకెళ్లే లైన్లను ఫీడర్లంటారు. లైన్‌మన్ ఏదైనా ఫీడరు మీద పనిచేయాలంటే ముందు నా దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. అంటే ఆ లైను ఆపించి, "ఇక ఇది నా చేతిలో ఉంది, నేను తిరిగి చెప్పేదాకా వేయకండి" అని మాట తీసుకోవడం. పని అయ్యాక అతనే వచ్చి లైను అప్పగించాలి. అప్పుడే నేను స్విచ్ వేయాలి. చెప్పడానికి ఇంతే. స్తంభం మీద ఉన్నవాడి ప్రాణం మాత్రం ఈ రెండు మాటల మధ్యే ఉంటుంది.

గ్రేస్ మణి గారు మాకు అసిస్టెంట్ ఇంజినీరుగా వచ్చేనాటికి నాకు నలభై దాటి చాలా కాలమైంది. ఆమె బాప్టిస్టు మిషన్ కుటుంబంలో పుట్టి పెరిగినావిడ. తండ్రి విజయనగరం వైపు బడిపంతులట. పొట్టి మనిషి, చేనేత చీర, కాలికి మగవాళ్ల బూట్లు. మాట నెమ్మది. పుస్తకాల తెలుగే మాట్లాడేవారు గానీ, కోపం వస్తే మా యాస బయటికి తన్నుకొచ్చేది. దాన్నిబట్టే మేం ఆవిడ కోపం ఏ మేరకు ఉందో కొలుచుకునేవాళ్లం.

వచ్చిన మొదటి రోజు అందరినీ కంట్రోల్ రూములో కూర్చోబెట్టి, "ఈ ఏడాది ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగారు. లేదన్నాం. "మరి తగలబోయి తప్పిపోయింది ఎవరికి?" లైన్‌మన్ సింహాచలం కిటికీలోంచి కొబ్బరిచెట్లు లెక్కపెడుతున్నాడు. ఆమె ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి, "అయితే మీరు మనుషులు కారు, దేవుళ్లన్నమాట. కొబ్బరికాయ కొట్టాలి మీకు," అన్నారు. సింహాచలం ఊరుకోలేక, "మేడం, తప్పిపోయింది సెప్తే మెమో వస్తాది. సెప్పకపోతే ఏటీ రాదు. మేం సదువుకోనేదు గానీ ఆ లెక్క మాకు తెలుస్తాది," అన్నాడు. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వారు. కానీ ఆ మాట ఆమెలో ఎక్కడో గుచ్చుకుందని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి సోమవారం పొద్దున్న టీ ఆమె ఖర్చు. టీ తాగుతూ ఎవరో ఒకరు తమకు తప్పిపోయిన ప్రమాదం చెప్పాలి. మొదటి సోమవారం ఆమే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆపేశాననుకున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి వేయబోతుంటే పక్కనున్న మేస్త్రీ జబ్బ పట్టుకు లాగాడట. "ఆయన లాగిన చోట జాకెట్టు చిరిగింది. నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత వణుకొచ్చింది," అన్నారు. రెండో సోమవారం కూడా ఆమే చెప్పారు. మూడో సోమవారం కూడా. నెలలు గడిచాయి, మేమెవరం చెప్పలేదు. టీ తాగి మూతి తుడుచుకుని వెళ్లిపోయేవాళ్లం. "మేడం దగ్గర ఇంకెన్ని ఉన్నాయిరా బాబూ, ఈవిడ ఇన్నాళ్లు ఎలగ బతికినాది?" అని సింహాచలం బయట హాస్యమాడేవాడు. ఆమె విసుక్కోలేదు. ప్రమాదం గురించి ఎలా చెప్పాలో మాత్రం ప్రతిసారీ ఒకే మాటగా చెప్పేవారు: "ఏం జరిగిందో ముందు. ఎవరు చేశారన్నది ఆఖర్న. ఎవరన్నది ముందొస్తే ఇక మిగతాది ఎవడూ వినడు."

ఇక్కడ మా ప్రాంతపు పద్ధతి ఒకటి చెప్పాలి. సెక్షన్‌లో సగం మంది చుట్టాలే. ఒకడికి ఇంకొకడు బావ, మరొకడికి మావ. నాకు సింహాచలంతో ఏ చుట్టరికమూ లేదు, అయినా నేను అతనికి మావనే. ఇంత చనువున్న చోట లైన్ క్లియర్ కూడా ఇంటి సొత్తు అయిపోతుంది. బావ ఒక ఫీడరు ఆపించాడని తెలిస్తే, దారిన పోయే బావమరిది అదే లైను మీద తనకు కనిపించిన చిన్న పని ఎక్కి చేసేస్తాడు. మళ్లీ అడగడమెందుకు, బావది నాది కాదా? అడిగితే బావని నమ్మనట్టు. బావ పని ముగించి లైను అప్పగిస్తాడు. తన లైను మీద ఇంకొకడు ఎక్కి ఉన్నాడని అతనికి తెలియదు. అడిగితే నామోషీ అని అడగకపోవడం వల్లే మా వైపు తల్లులు కడుపుకోత పడ్డారు. పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసిన కారణాలు తర్వాత.

ఆ మధ్యాహ్నానికి వస్తాను. తుపాను దాటి మూడో రోజు, ఆదివారం. వంశధార వైపు ఊళ్లన్నీ చీకట్లో ఉన్నాయి. మంచినీళ్ల పంపులు ఆగిపోయాయి. ఫోన్లు పలికితే పలికినట్టు, లేకపోతే లేదు. విజయనగరం వైపు నుంచి సాయానికి ఒక జీపులో మనుషులు వచ్చారు. అందులో సింహాచలం బావమరిది అప్పలసూరి కూడా ఉన్నాడు. సింహాచలం భార్యకు సొంత తమ్ముడు. సన్నగా, చురుగ్గా, స్తంభం ఎక్కితే ఉడుతలా ఉండేవాడు. సింహాచలానిది పర్మినెంటు ఉద్యోగం, సూరిది కాంట్రాక్టు పని. అంటే ఒక్క మాటతో ఇంటికి పంపించేయొచ్చు. జీపువాళ్లకు రెండో ఫీడరు పని ఇచ్చారు. సింహాచలం గుంపు నదివైపు పోయే మొదటి ఫీడరు తీసుకుంది. రెండూ నేనే ఆపి ఇచ్చాను.

మధ్యాహ్నం భోజనాల వేళ జీపువాళ్లు తమ లైను అప్పగించేశారు. ఆ వెంటనే సింహాచలం గుంపు బండ్ల మీద వచ్చింది. ఒళ్లంతా బురద, మొహం నిండా నవ్వు. "అయిపోనాది మావా. గొలుసులు తీసీసినాం, అందరం దిగిపోనాం. ఏసెయ్," అన్నాడు. గేటు బయట బిందెలతో జనం. వాళ్లతో వచ్చిన ఊరి పెద్ద ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. నేను లేచి స్విచ్‌ల ప్యానెల్ దగ్గరికి వెళ్లి, మొదటి ఫీడరు స్విచ్ మీద చేయి పెట్టాను. నిబంధన ప్రకారం తక్కువేమీ లేదు. తీసుకున్నవాడే తిరిగి ఇచ్చాడు.

"ఆగండి రామ్మూర్తి గారూ," అన్నారు మేడం గుమ్మంలోంచి. సింహాచలం వైపు తిరిగి, "అందరం అంటే ఎవరెవరు? పేర్లు చెప్పు," అన్నారు. అతను తన గుంపులో ఒక్కొక్కరినీ వేలితో చూపించి పేర్లు చెప్పాడు. అందరూ కళ్లెదురుగానే ఉన్నారు. ఆమె బయటికి వెళ్లి జీపులో మనుషులను చూసొచ్చారు. "అప్పలసూరి లేడే?"

జీపు మేస్త్రీ చేతులు కడుక్కుంటూ, "ఆడు మా పనైపోయాక దిగీసి, బావని కలిసొస్తానని నడిసెల్లినాడు మేడం," అన్నాడు.

"నా దగ్గరికి రానేదు," అన్నాడు సింహాచలం. "ఎక్కడో తిండి దగ్గర కూకుని ఉంటాడు. ఆడికి ఆకలెక్కువ. ఆడిది వేరే ఫీడరు, అది అప్పగించీసినారు కదా, ఇంకేటి?"

"బావని కలవడానికని నీ లైను వెంటే బయల్దేరిన మనిషి. నీ దగ్గరికి రాలేదు. మరి నీకూ వాళ్లకూ మధ్య ఎక్కడున్నాడు?"

సూరి ఫోనుకి చేస్తే కలవలేదు. మళ్లీ చేస్తే కలవలేదు. అప్పుడే బల్ల మీది ఫోను మోగింది. డివిజన్ ఆఫీసు నుంచి పెద్ద ఇంజినీరు. ఆయన గొంతు నాక్కూడా వినిపిస్తూనే ఉంది. అన్ని లైన్ క్లియర్లూ తిరిగొచ్చాక ఇంకా ఎందుకు ఆపారని అడిగారు. "ఒక మనిషి కనిపించడం లేదు సర్," అన్నారు ఈమె. అతను ఆ లైను మీద పనికి పెట్టినవాడు కానప్పుడు మీకెందుకన్నారు. జనం రోడ్డెక్కుతున్నారు, పైనుంచి ఫోన్లొస్తున్నాయి, వెంటనే వేయండి అన్నారు. ఈమె "చూసి వేస్తాను సర్," అన్నారు. అవతలి నుంచి, "అయితే రేపు పదింటికి సంజాయిషీతో రండి. సరైన కారణం లేకపోతే చార్జి ఎవరికో అప్పగించి వెళ్దురుగాని," అని వినిపించింది. ఆమె ఫోను పెట్టేసి నా వంక చూశారు.

"రామ్మూర్తి గారూ, నేనొచ్చి సెప్పేదాకా ఆ సెయ్యి అక్కడినుంచి తియ్యండి." యాస బయటపడింది.

అప్పుడు గానీ నా చేయి ఇంకా స్విచ్ మీదే ఉందని నాకు తెలియలేదు.

ఆమె సింహాచలం బండి తాళం తీసుకుని, లైను వెంట తనే బయల్దేరారు. అతన్ని వెంట రానివ్వలేదు. ఆమె మనసులో ఏముందో నేను ఊహించగలను. సూరి కనిపించిన చోటు మంచిది కాకపోతే, ముందుగా చూసేది అతని బావ కాకూడదని.

నా ఉద్యోగంలో అంత పొడుగు మధ్యాహ్నం ఇంకోటి లేదు. పెద్ద పని కూడా ఏమీ లేదు, కూర్చోవడమే. కానీ గేటు అవతల గొంతులు పెరుగుతున్నాయి. ఒకావిడ ఖాళీ బిందెను గేటుకేసి కొడుతోంది. "పిల్లకి పాలు కలపడానికి నీల్లు నేవు బాబూ, ఓ మీట నొక్కడానికి మీకు నొప్పేటి?" అని అడిగింది. ఆవిడ అడిగింది న్యాయమే. ఫోను మళ్లీ మోగింది, మళ్లీ మోగింది. "మేడం లైను మీదికి వెళ్లారు సర్," అని చెప్పి పెట్టేస్తున్నాను. సింహాచలం గోడకు చేరబడి మొదట విసుక్కున్నాడు, తర్వాత బీడీ ముట్టించాడు. ఆఖరికి, "ఆడు స్తంభం ఎక్కడు మావా. నాకు సెప్పకుండా ఎక్కడు. ఎక్కుతాడేటి?" అన్నాడు. నేను "ఎక్కడు" అన్నాను. నాకేం తెలుసని? ఎండ పొడ కనిపించింది, పోయింది, నదివైపు నుంచి జోరున ఒక జల్లు కొట్టుకొచ్చి కిటికీ అద్దాలు కడిగి పోయింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. ఒక్కటే ఆలోచన. ఆమె పిలుపు ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఈపాటికి వేసేసి ఉండేవాణ్ని. వేసి, టీ తాగుతుండేవాణ్ని.

పొద్దు వాలుతుండగా బండి చప్పుడైంది. మేడం తడిసి ముద్దయి ఉన్నారు. వెనక సీటు మీద అప్పలసూరి. ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగి చూసుకుంటూ వెళ్తే, జల్లు వెలిశాక మంచినీళ్ల పంపుహౌసు అరుగు మీద, పంపు ఆపరేటరుతో కలిసి బొరుగులు తింటూ కనిపించాడట. "లైను ఎక్కావా?" అని అక్కడే అడిగితే, "నేదు మేడం, వాన పడతన్నాదని ఇక్కడే కూకున్నాను," అన్నాడట. సింహాచలం పరుగున వెళ్లి వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. "నీ తిండి మండ! నీ బొరుగుల కోసం జిల్లా అంతా నీల్లకి ఏడిసింది కదరా!" అందరూ గొల్లున నవ్వారు. సూరి కూడా నవ్వాడు గానీ, ఎటో చూస్తూ నవ్వాడు. మేడం నవ్వలేదు. "ఇప్పుడు వేయండి," అన్నారు. వేశాను. గేటు బయట కేకలు లేచాయి. కొందరు దండం పెట్టారు, కొందరు ఇన్నాళ్లు పట్టిందని తిట్టుకుంటూ వెళ్లారు. జీపు మేస్త్రీ నా పక్కకొచ్చి, "ఆడమనిసి, బయమెక్కువ," అని గొణిగాడు. నిజం చెప్పాలంటే ఆమె అనుమానం తప్పైంది. అనుమానం తప్పైనందుకు మర్నాడు పదింటికి ఆమె సంజాయిషీ చెప్పుకోవాలి.

మర్నాడు సోమవారం. మామూలుగానే టీ వచ్చింది. మేడం చేతిలో తెల్లకాగితం ఉంది, దాని మీద ఏమీ రాసి లేదు. ఏం రాస్తారు? బొరుగులు తింటున్నాడని రాస్తారా? మేమంతా ఆమె మొహం చూడలేక గ్లాసులు చూస్తున్నాం. ఈ సోమవారం ఎవరు చెబుతారని ఆమె అడగలేదు. బహుశా ఇక అడగను అనుకున్నారేమో.

తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. అప్పలసూరి. జీపు వెళ్లిపోయినా అతను వెళ్లలేదు, అక్క ఇంట్లో పడుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపలికి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడి, "మేడం, నిన్న నేను ఎక్కీసినాను," అన్నాడు.

సింహాచలం గ్లాసు కింద పెట్టేశాడు. "ఒరే! ఊరుకో. ఏటి వాగుతన్నావు?"

"ఊరుకోను బావా. రేత్తిరి అక్కకి సెప్పీసినాను. పొద్దున్న మేడంకి సెప్పకపోతే నా గుమ్మం తొక్కొద్దన్నాది. మీ బావ ఉద్దోగం పోతే పోనీ, నీది పోతే పోనీ, ఆవిడ నీకోసం తడిసినాది అన్నాది. పంపుహౌసు ఇవతల కొబ్బరిమట్ట తీగ మీద పడి ఉన్నాది మేడం. బావ లైన్ క్లియర్ ఉన్నాది కదా అని ఎక్కీసినాను. అది సిక్కుపడిపోయి రాదే! పైనుంచి సూస్తంటే బావోళ్ల బండ్లు రోడ్డు మీద ఎల్తన్నాయి. టీకి ఎల్తన్నారనుకున్నాను. కేకేద్దామనుకుని మానీసినాను. జల్లు కొట్టేదాకా తీగ పట్టుకునే ఉన్నాను. కాలు జారతన్నాదని దిగీసినాను. అంతే. మిమ్మల్ని సూసీసరికి బయమేసి నేదనీసినాను."

జల్లు కొట్టింది ఎప్పుడో మా అందరికీ తెలుసు. మేడం బయల్దేరి వెళ్లిన చాలాసేపటికి.

తర్వాతి సంగతులు క్లుప్తంగా రాస్తాను. సూరి చెప్పినదే సంజాయిషీగా వెళ్లింది, మేడం చార్జి పోలేదు. సింహాచలానికి మందలింపు వచ్చింది, ఉద్యోగం పోలేదు. సూరి పనీ పోలేదు, దానికోసం మేడం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో మాకు చెప్పలేదు. ఆమెకు ఆ వేసవిలో బదిలీ అయింది. వెళ్లేలోపు ఒక్క సోమవారం కూడా చెప్పేవాళ్లకు కరువు రాలేదు. నేనూ ఒకటి చెప్పాను. ఇవాళ్టికీ ఇంట్లో మోటారు వేసే ముందు, "ట్యాంకు దగ్గర ఎవరున్నారు?" అని కేకేస్తాను. టీచరమ్మ "నేను లేనండీ" అంటే సరిపోదు, పైకి వెళ్లి చూస్తాను. నవ్వుకుంటారు. నవ్వుకోనీ. లెక్క సరిపోయిందన్నది వేరు, మనిషి దిగాడన్నది వేరు. ఆ రెండింటి మధ్య ఎంత ఖాళీ ఉంటుందో ఆ గదిలో కూర్చున్నవాళ్లకే తెలుసు.

ఆ సోమవారం ఉదయం మాత్రం ఎవరూ ఏ లెక్కా వేయలేదు. మేడం లేచి, తన గ్లాసులోని టీని ఇంకో గ్లాసులో సగం వంచి సూరికి ఇచ్చారు. "కూర్చో. తాగు. తాగి మళ్లీ మొదటి నుంచి చెప్పు. ఏం జరిగిందో ముందు, ఎవరన్నది ఆఖర్న," అని కలం మూత తీశారు. సూరి కూర్చున్నాడు. సింహాచలం నా పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"మావా, నేను ఏసెయ్ అన్నప్పుడు నీ సెయ్యి ఎక్కడున్నాది?"

"స్విచ్ మీద," అన్నాను.

అతను నా కుడిచేయి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుని, సూరి చెప్పడం పూర్తయ్యేదాకా వదల్లేదు.